ఖాళీ స్థలం చుట్టూ కంచె కడితే అది ఇంకా అందరిదేనా?

గోడమీదపిల్లి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేముండే చోట నాలుగు వీధుల మధ్య ఒక పెద్ద ఖాళీ స్థలం ఉంది. చెట్లున్నాయి, ఎవరి పని మీద వాళ్ళు అడ్డంగా నడిచిపోతుంటారు, సాయంత్రం పిల్లలు ఆడతారు, చీకటి పడ్డాక ఎవరెవరో వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు దాని చుట్టూ ఆరడుగుల ఇనుప గ్రిల్ కట్టి, ఒకే ఒక్క గేటు పెట్టి, పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తీస్తామంటున్నారు. మీటింగులో సగం మంది చప్పట్లు కొట్టారు, మిగతా సగం గొడవకి దిగారు. నేను ఎటువైపో నా పేరు చూస్తేనే తెలుస్తుంది.

నిజంగానే రెండు వైపులా సబబుగా కనిపిస్తోంది. కంచె లేకపోతే బళ్ళు తెచ్చి లోపల పెడతారు, చెత్త పోస్తారు, ఒక మూల ఎవరో షెడ్డు వేస్తారు, ఆ తర్వాత దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. కంచె వేస్తే మాత్రం ఆ స్థలం "వెళ్ళే చోటు" అవుతుంది గానీ ఇప్పటిలా "దారిలో ఉన్న చోటు" కాదేమో అని భయం. కంచెలు, గోడలు, గేట్లు నగరాల్లో జనం బయట తిరిగే తీరును నిజంగా ఎంత మారుస్తాయి? ఎక్కడైనా వేసి చూశారా, తీసి చూశారా? జరిగినవి చెప్పండి, అభిప్రాయాలకైతే మా మీటింగులోనే కొదవ లేదు.

పటాలపిచ్చి

ప్లానింగ్ డ్రాయింగులు గీయడమే నా పని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

తీసి చూసిన ఉదాహరణ అడిగారు కదా, న్యూయార్క్ నడిబొడ్డున, పెద్ద లైబ్రరీ వెనకాల బ్రయంట్ పార్కు ఉంది. 1934లో దాన్ని కొత్తగా కట్టినప్పుడు వీధి మట్టం కన్నా ఎత్తు చేసి, చుట్టూ ఇనుప కంచె వేసి, కంచె పక్కన గుబురు పొదలు పెంచారు. ట్రాఫిక్ గోల లేకుండా లోపల జనం ప్రశాంతంగా కూర్చోవాలని వాళ్ళ ఉద్దేశం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ రోడ్డు మీద పోయేవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో కనిపించదు, లోపల ఉన్నవాళ్ళకు ఏదైనా తేడా వస్తే బయటపడే దారులు తక్కువ. ఇలాంటి చోటు ఎవరికి అనుకూలమో వేరే చెప్పాలా, 1970ల నాటికి మత్తుమందులు అమ్మేవాళ్ళు అక్కడ తిష్ట వేశారు, మామూలు మనుషులు పక్కనుంచి నడవడానికే జంకేవారు.

విలియం వైట్ అని ఒకాయన ఉండేవారు, జనం బయట ఎక్కడ కూర్చుంటారు, ఎటు నడుస్తారు, ఎంతసేపు నిలబడి కబుర్లు చెప్పుకుంటారు అన్నది కెమెరాలు పెట్టి మరీ గమనించిన మనిషి. ఆయన ఆ పార్కు చూసి ఇచ్చిన సలహా చాలా మామూలుగా ఉంటుంది: కంచె తీయండి, పొదలు తీయండి, చుట్టూ ఉన్న రాతి పిట్టగోడలో కొత్త దారులు కొట్టండి, చక్రాల కుర్చీకి ర్యాంపు పెట్టండి. 1988లో పార్కు మూసి పనులు చేసి 1992లో తెరిచారు. ఎటు కావాలంటే అటు లాక్కునే తేలికపాటి కుర్చీలు కూడా వేశారు. ఇప్పుడు మంచి వాతావరణం ఉన్న రోజు మధ్యాహ్నం వెళ్తే ఖాళీ కుర్చీ కోసం వెతుక్కోవాలి.

కంచె తీసేశారు కాబట్టే బాగుపడింది అంటే మాత్రం ఒప్పుకోను. శుభ్రం చేసే మనుషులు, కావలి, లైట్లు, తినడానికి చిన్న దుకాణాలు, ఇవన్నీ కలిశాయి, దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక సంస్థే ఉంది, రాత్రి ఇప్పటికీ మూస్తారు. అయితే బయటి చూపు లోపలికి ఆనకపోయి ఉంటే ఇవేవీ నిలబడేవి కావని నా నమ్మకం.

మీరు చెప్పిన ప్లానులో నన్ను భయపెట్టింది ఆరడుగుల గ్రిల్ కాదు. గ్రిల్ అయితే కనీసం అవతలికి కనిపిస్తుంది. ఆ "ఒకే గేటు" ఉంది చూశారా, అదీ అసలు సమస్య. ఇన్నాళ్ళూ అడ్డంగా నడిచి పోయినవాళ్ళే ఆ స్థలానికి జీతం లేని కాపలా, ఒకే గేటు పెట్టిన మర్నాడు వాళ్ళంతా చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా పోతారు. లోపల మిగిలేది పనిగట్టుకుని వచ్చినవాళ్ళే.

రోడ్డుదాటేమనిషి

పార్కుల సంగతి సరే, ఫుట్‌పాత్ అంచున నడుమెత్తు ఇనుప రెయిలింగ్ వేస్తారే, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నాకైతే నగరంలో అన్నిటికన్నా ఎక్కువ చిరాకు తెప్పించే కంచె అదే. మన మంచికోసమే అంటారు, మనల్ని మాత్రం ఎదురుగా కనిపించే చోటికి పోనివ్వకుండా రెండు వందల మీటర్లు తిప్పుతుంది. అంత దూరం తిరగడం ఇష్టంలేనివాళ్ళు ఏం చేస్తారు, దూకుతారు, లేదా రెయిలింగ్‌కి అవతలి వైపు, అంటే బళ్ళ వైపు నడుస్తారు, అప్పుడు కాలు పెట్టడానికి జానెడు చోటు కూడా ఉండదు.

లండన్‌లో కెన్సింగ్టన్ హై స్ట్రీట్ అనే బిజీ షాపింగ్ వీధిలో 2000 తర్వాత ఈ రెయిలింగులు చాలావరకు పీకేశారు. ఇంజనీర్లు ప్రమాదాలు పెరుగుతాయని వాదించారు. పెరగలేదు, తగ్గాయి. ఆ పనిలో భాగంగా క్రాసింగులు సూటిగా చేశారు, అడ్డదిడ్డంగా ఉన్న స్తంభాలూ బోర్డులూ తీశారు, కాబట్టి పుణ్యమంతా రెయిలింగుకే కట్టబెట్టలేం. అయినా ఆ అనుభవం చూశాక ఊరంతా పెద్ద రోడ్ల మీద కిలోమీటర్ల కొద్దీ తీసేశారు. ఇంకో కారణం కూడా చెప్పారు, మలుపు తిరిగే లారీకీ రెయిలింగుకీ మధ్య సైకిల్ మనిషి ఇరుక్కుంటే తప్పుకోవడానికి చోటుండదని.

కంచె ఉన్న చోట డ్రైవరుకు "మనిషి అడ్డం రాడులే" అన్న ధీమా వస్తుంది, స్పీడు పెంచుతాడు, ఆ స్పీడు చూసి మళ్ళీ ఇంకాస్త ఎత్తు కంచె కావాలంటారు. ఇలా పెరుగుతూ పోతుంది.

చిన్నూవాళ్ళమ్మ

ఇక్కడ అందరూ కంచె తీయాలన్న ఊపులో ఉన్నారు కాబట్టి రెండో వైపు చెప్పక తప్పదు.

మా వాడికి ఐదేళ్ళు, ఆటిజం. పిలిస్తే ఆగడు, బండి హారన్ వేస్తే అటే పరిగెత్తుతాడు. నాకు కంచె లేని పార్కు అంటే పార్కే కాదు, అక్కడ నేను కూర్చోలేను, పక్కవాళ్ళతో మాట్లాడలేను, వాడి చొక్కా పట్టుకుని ఉండాలి. కంచె ఉండి, గేటుకి పై భాగాన గడియ ఉండి, దానంతటదే మూసుకునే స్ప్రింగు ఉన్న ఆటస్థలంలో మాత్రమే నేను చెయ్యి వదులుతాను. వాడు వాడంతట వాడు ఎటు పోవాలో ఎంచుకునేది అక్కడొక్కచోటే. "తెరిచి ఉంచడమే స్వేచ్ఛ" అనడం అవసరమైతే తమ పిల్లాడి వెనక పరిగెత్తి పట్టుకోగలిగినవాళ్ళకు సులువు, కళ్ళు సరిగా కనపడని పెద్దవాళ్ళకీ, ఇద్దరు కవలల్ని ఒక్కత్తే చూసుకునే తల్లికీ కాదు.

అలాగని మొత్తం స్థలం చుట్టూ ఆరడుగులు కట్టమనడం లేదండీ. నాకు కావలసింది లోపల పిల్లలాడే ముక్క చుట్టూ నా నడుమెత్తు కంచె. దానికి అవతల మిగతా స్థలం తెరిచి ఉంటే నాకేం అభ్యంతరం లేదు. ఎందుకో ఈ రెండిటినీ కలిపేసి "కంచె కావాలా వద్దా" అని ఓటింగు పెడతారు.

పాతకాగితాలు

లండన్ పేరు వచ్చింది కాబట్టి కొంచెం చరిత్ర. నాకు ఇవంటే సరదా, అవసరం లేనివాళ్ళు దాటేయండి.

1866 జులైలో ఓటు హక్కు విస్తరించాలంటూ రిఫార్మ్ లీగ్ అనే సంఘం హైడ్ పార్కులో సభ పెడతామంది. ప్రభుత్వం వద్దంది, గేట్లు మూయించింది. వచ్చిన జనం చుట్టూ ఉన్న రెయిలింగులు పట్టుకుని ఊపారు, అవి ఊడి పడిపోయాయి, జనం లోపలికి పోయారు. కొన్ని రోజులు గొడవలు నడిచాయి. మరుసటి ఏడాది మళ్ళీ నిషేధించినా సభ జరిగింది, చివరికి 1872లో పార్కుల చట్టం తెచ్చి సభలకు ఒక మూల చోటు కల్పించాల్సి వచ్చింది. ఇప్పుడు స్పీకర్స్ కార్నర్ అంటున్నది అదే. అంటే పార్కు అప్పటికే "అందరిదీ", నడవడానికి, గుర్రపు బగ్గీలో షికారుకి. సభ పెట్టుకోవడానికి కూడా అందరిదేనా అన్న ప్రశ్న కంచె దగ్గర తేలింది.

ఇంకో ముచ్చట. అదే ఊళ్ళో ఇళ్ళ మధ్య చిన్న చిన్న తోటలుంటాయి, స్క్వేర్లంటారు, చాలావాటికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ దగ్గరే తాళంచెవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కోసం రెయిలింగులు కోసుకుపోయారు. తోటలన్నీ ఒక్కసారిగా ఎవరైనా కూర్చునే చోట్లయ్యాయి. 1944 నాటికే కొన్నిటికి మళ్ళీ చెక్క కంచెలు వేస్తుంటే పత్రికల్లో ఘాటైన వాదన నడిచింది, అవి అసలు ఎవరి సొత్తు అని. అప్పట్లో గాయపడినవాళ్ళను మోయడానికి తయారుచేసిన ఉక్కు స్ట్రెచర్లు మిగిలిపోతే, యుద్ధం తర్వాత వాటినే నిలువుగా నిలబెట్టి దక్షిణ లండన్‌లో కొన్ని హౌసింగ్ కాలనీలకు రెయిలింగులుగా వాడారు, ఇప్పటికీ ఉన్నాయి, కాళ్ళుగా పనికొచ్చిన వంపులు కూడా కనిపిస్తాయి. విషయానికి సంబంధం లేదు, చెప్పాలనిపించింది.

సంబంధం ఉన్నది ఆక్స్‌ఫర్డ్‌లో "కట్స్‌లో" అనే పేటలోని గోడలు. 1934లో ఒక బిల్డరు తన ప్రైవేటు ఇళ్ళకీ, పక్కనే ఉన్న నగర కౌన్సిల్ వాళ్ళ అద్దె ఇళ్ళకీ మధ్య రోడ్డుకి అడ్డంగా రెండు మీటర్ల పైచిలుకు గోడలు కట్టాడు, పైన ఇనుప మేకులు. అవతలి వాళ్ళు మెయిన్ రోడ్డుకి రావాలంటే చుట్టూ తిరిగి రావాలి. 1938లో కౌన్సిలే కూల్చేసింది, బిల్డరు కోర్టుకెళ్ళి గెలిచాడు, గోడలు మళ్ళీ లేచాయి. చివరికి ఆ కాస్త జాగా కొనుక్కుని 1959లో పడగొట్టారు. పాతికేళ్ళు! ఇటుక గోడ పడగొట్టడం ఒక పూట పని, దాని వెనకున్న హక్కు కాగితాన్ని పడగొట్టడానికి పాతికేళ్ళు. కాబట్టి మీ స్థలానికి గ్రిల్ వేసే ముందు ఆ భూమి రికార్డులో ఎవరి పేరున ఉందో, దారి హక్కు ఎక్కడైనా రాసి ఉందో చూసుకోండి. ఒకసారి వేశాక "ఇది మొదటి నుంచీ మూసే ఉండేది" అనడానికి ఎక్కువ కాలం పట్టదు.

తాళంకప్ప

సెక్యూరిటీ పరికరాలు బిగించే పని నాది కాబట్టి నా మాటకి పక్షపాతం అంటగడతారని తెలుసు, అయినా రాస్తున్నా.

గేట్లు పనిచెయ్యవు అనేవాళ్ళు లివర్‌పూల్ చూడాలి. అక్కడ వరస ఇళ్ళ వెనకాల సన్నటి సందులుంటాయి, దొంగలు వాటిలోంచి పెరటి గోడ దూకేవారు. ఆ సందులకు రెండు చివరలా తాళం గేట్లు పెట్టి అక్కడుండే వాళ్ళందరికీ తాళంచెవులిచ్చారు. తర్వాత పరిశోధకులు లెక్క కడితే, గేట్లు లేని అలాంటి ప్రాంతాలతో పోలిస్తే ఇళ్ళల్లో దొంగతనాలు మూడో వంతుకు పైగా తగ్గాయని తేలింది. అది పక్కవీధికి తోసేసిన దొంగతనం కూడా కాదు, చుట్టుపక్కల కూడా కొంత తగ్గింది.

అయితే ఆ సందు ఎవరికీ దారి కాదు, ఆ ఇళ్ళ చెత్త డబ్బాలు తప్ప అక్కడ ఎవరికీ పని లేదు, మూసినా ఎవరి నడకా ఆగలేదు. అడిగినాయన స్థలం అలాంటిది కాదు, నాలుగు వీధుల వాళ్ళు నడిచే చోటు. కాబట్టి లివర్‌పూల్ చూపించి దానికి తాళం వెయ్యమని నేనైతే చెప్పను. లోపలికి బళ్ళు రాకూడదు, అంతే కదా? దానికి గ్రిల్ ఎందుకు, అంచున గట్టి పొట్టి స్తంభాలు పాతండి, మధ్య ఎడం 1.2 మీటర్లుంటే కారు పట్టదు, మనిషి పడతాడు. టూవీలర్లు దూరతాయి, నిజమే.

చక్రాలకుర్చీ

తాళంకప్ప గారూ, ఆ "టూవీలర్లు దూరతాయి" అన్న వాక్యం దగ్గరే మా కష్టాలు మొదలవుతాయి.

బైకులు రాకుండా అని ముందు జిగ్‌జాగ్ గేటు పెడతారు, తర్వాత తిరుగుడు గేటు పెడతారు, తర్వాత రెండు ఇనుప కమ్మీల మధ్య జానెడు సందు వదుల్తారు. బైకు వాడు ఎలాగో ఎత్తి దాటిస్తాడు. దాటలేనిది నేను, పిల్లల బండి తోసుకొచ్చేవాళ్ళు, సరుకుల ట్రాలీ లాక్కొచ్చేవాళ్ళు. నా కుర్చీకి అడ్డం లేని 900 మిల్లీమీటర్లు కావాలి, అందులోనూ సూటిగా, మెలి తిరిగే దారిలో 900 ఉన్నా తిరగలేను. "వికలాంగులకు వేరే గేటు ఉంది, తాళం ఆఫీసులో అడగండి" అన్న బోర్డు చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, పార్కులోకి పోవడానికి ఎవర్నో బతిమాలుకోవాలా?

బైకుల్ని మనుషులే ఆపాలి, ఇనుము కాదు. ఇనుముతో ఆపాలని చూసినప్పుడల్లా అందులో ఇరుక్కునేది మేమే.

గోడమీదపిల్లి

చాలా థాంక్స్, ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. చిన్నూవాళ్ళమ్మ గారు చెప్పిన "లోపల చిన్న కంచె, బయట తెరుపు" మీటింగులో ఎవరికీ తట్టలేదు, అది అడుగుతాను.

ఇంకో సందేహం. ఆ స్థలంలో ఒక మూల బంతి ఆటకు జాలీ కోర్టు కూడా కడతామంటున్నారు, చుట్టూ ఎత్తయిన వైరు జాలీ, ఒక తలుపు. దానికైతే కంచె తప్పదు కదా, బంతి రోడ్డు మీదికి పోతుంది. ఇందులో కూడా ఏమైనా ఉందా, లేక నేను ఎక్కువ ఆలోచిస్తున్నానా?

వసారా

ఎక్కువ ఆలోచించడం లేదు, సరిగ్గా అక్కడే ఆలోచించాలి. ఈ విషయంలో వియన్నా అనుభవం నాకు తెలిసిన అన్ని ఉదాహరణల్లోకీ గొప్పది.

1990ల మధ్యలో అక్కడ పార్కుల్లో ఎవరు ఆడుతున్నారని పరిశీలిస్తే తొమ్మిది పదేళ్ళు దాటగానే ఆడపిల్లలు కనిపించడం మానేస్తున్నారని తేలింది, మగపిల్లలు మాత్రం అలాగే ఉన్నారు. ఆడపిల్లలకు ఆటల మీద ఇష్టం పోయిందని అనుకోవచ్చు, చాలామంది అనుకున్నారు కూడా. నగరపాలక సంస్థలో మహిళల అవసరాల కోణంలో ప్లానింగ్ చూసే విభాగం వాళ్ళు దాన్ని అంత తేలిగ్గా వదిలేయలేదు. ఒక కారణం ఆ జాలీ కోర్టులే. చుట్టూ జాలీ, ఒకే సన్నటి తలుపు. ఆ తలుపు దగ్గర నలుగురు పెద్ద కుర్రాళ్ళు నిలబడితే చాలు, ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు, వాళ్ళ మధ్యలోంచి దూరి లోపలికి పోవాలంటే పన్నెండేళ్ళ అమ్మాయి వెనక్కి తిరిగి ఇంటికి పోతుంది. లోపలికెళ్ళినా ఇబ్బంది వస్తే బయటికి రావడానికి అదే తలుపు.

1999లో రెండు పార్కులు, ఐన్‌జీడ్లర్ పార్కు, సాంక్ట్ యోహాన్ పార్కు, మార్చి చూశారు. జాలీకి ఎక్కువ చోట్ల, వెడల్పుగా దారులు పెట్టారు. ఒకే పెద్ద మైదానాన్ని ఒక జట్టు మొత్తం ఆక్రమించుకునే వీలు లేకుండా చిన్న చిన్న భాగాలు చేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి వేరే ఆటలకూ చోటిచ్చారు, నడకదారులకు లైట్లు పెట్టారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు, మగపిల్లల్ని ఎవరూ బయటికి పంపలేదు. తర్వాత ఆ ఊళ్ళో పార్కులు గీసేటప్పుడు ఇవి మార్గదర్శకాల్లోకి ఎక్కాయి.

ఒకసారి ఆలోచించండి, "ఆడపిల్లలకు ప్రవేశం లేదు" అని ఎక్కడా రాసి లేదు, అలా అనుకుని కట్టినవాళ్ళు కూడా ఎవరూ లేరు, బంతి బయటికి పోకూడదనే కట్టారు. మీ కోర్టుకు జాలీ ఎత్తు ఎంతైనా పెట్టుకోండి, ఎదురెదురు మూలల్లో కనీసం రెండు వెడల్పు దారులు అడగండి. దారి ముందు బంతి ఆగేలా, మనిషి సులువుగా నడిచేంత ఎడంగా ఇంకో జాలీ ముక్క అడ్డం పెడితే సరిపోతుంది, తలుపే అక్కర్లేదు. చక్రాలకుర్చీ గారికి ఆ ఎడం చాలదు కాబట్టి ఒకటి మాత్రం సూటిగా, అడ్డం లేకుండా ఉంచండి.

బోర్డుచదివేవాడు

అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. కంచె లేకుండానే మూసేసిన చోట్లు బోలెడు. గేటు ఉండదు, "ఇక్కడ కూర్చోరాదు, ఫొటోలు తీయరాదు, ఆడరాదు" అని బోర్డు, పక్కన యూనిఫాం వేసుకున్న గార్డు.

దీనికి తిరగబడిన కథ న్యూయార్క్ జుకోటి పార్కుది. 1961 నుంచి అక్కడ ఒక పద్ధతి ఉంది, బిల్డరు జనం కోసం కింద ఖాళీ స్థలం వదిలితే పైన కొన్ని అంతస్తులు అదనంగా కట్టుకోనిస్తారు. అంటే స్థలం ప్రైవేటుదే, వాడుక జనానిది. 2011 సెప్టెంబరులో ఆక్యుపై వాల్ స్ట్రీట్ నిరసనకారులు ఈ పార్కులోనే ఉండిపోగలిగారంటే కారణం తమాషాగా ఉంటుంది: ప్రభుత్వ పార్కులు రాత్రి మూస్తారు, ఇది మాత్రం 24 గంటలూ తెరిచి ఉండాలన్న షరతు మీద కట్టింది. నవంబరు 15న ఖాళీ చేయించాక చుట్టూ బారికేడ్లు పెట్టి, ఒకటి రెండు సందుల దగ్గర గార్డులు సంచులు చూసి పంపడం మొదలుపెట్టారు. ఇది షరతులకు విరుద్ధమని పౌరహక్కుల సంఘాలు ఫిర్యాదు చేస్తే 2012 జనవరిలో బారికేడ్లు తీసేశారు. ఎత్తు నాలుగడుగులు కూడా లేని బారికేడ్లు అవి, దూకడం పెద్ద పనేం కాదు, కానీ సంచి చూపించి లోపలికి పోవాలంటే మామూలు మనిషి "ఎందుకొచ్చిన గొడవ" అని పక్కనుంచి పోతాడు.

కాబట్టి గ్రిల్ ఎత్తు మీద పోట్లాడి అలసిపోకండి. వేళలు ఎవరు నిర్ణయిస్తారు, మార్చాలంటే ఎవర్ని అడగాలి, అవి కాగితం మీద రాయించుకోండి. "పొద్దున కొన్ని గంటలు" అంటే రేపు వాచ్‌మన్ రాకపోతే సున్నా గంటలు. కంచే చేను మేసిన సామెత ఇంకా ఎవరూ వాడలేదు, నేనూ వాడను.

తాళంకప్ప

పైన చెప్పినదానికి తోడు. తాళం వెయ్యాల్సిన గేట్లు ఎంత ఎక్కువగా ఉంటే అంత త్వరగా అవి "శాశ్వతంగా మూసిన గేట్లు" అవుతాయి. నాలుగు గేట్లు బిగించిన చోటికి ఏడాది తర్వాత రిపేరుకు వెళ్తే ఒకటే తీసి ఉంటుంది, మిగతా మూడిటికీ గొలుసులు, ఎందుకంటే నాలుగూ తిరిగి మూసే ఓపిక ఎవరికీ లేదు. రాత్రి మూయక తప్పదంటే రెండు గేట్లు పెట్టండి. మూయక్కర్లేదంటే గేట్లే వద్దు, కంచెలో ఖాళీలు వదలండి, ఖాళీకి తాళం వెయ్యలేరు.

పాతకాగితాలు

ఈ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ఖాళీ వదిలితే రేపెవరో గేటు తగిలిస్తారు, దానికి తీర్మానం కూడా అక్కర్లేదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో 1969 అల్లర్లప్పుడు కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల వీధుల మధ్య తాత్కాలికం అని వేసిన కంచెలు గోడలై ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, వాటిలో కొన్ని గేట్లు పగలు తీసి రాత్రి మూస్తారు. 2023 కల్లా తీసేస్తామని 2013లో ప్రభుత్వమే లక్ష్యం పెట్టుకుంది, గడువు దాటిపోయింది. పక్కనుండే వాళ్ళే కొందరు తీయొద్దంటున్నారు, ఆ గోడ చూసుకుంటూ పెరిగారు, అది లేకపోతే నిద్రపట్టదంటారు. మీది అంత పెద్ద విషయం కాదు, తెలుసు. తాత్కాలికం అన్న మాట నమ్మొద్దని చెప్పడానికే ఇది.

గోడమీదపిల్లి

సరే, ఒకవేళ ఒప్పించగలిగితే దారులు ఎక్కడ పెట్టాలి? నాలుగు మూలల్లోనా, మధ్యలోనా? ఇంజనీరు గారు "సిమెట్రీ" అంటున్నారు.

పటాలపిచ్చి

సిమెట్రీ పైనుంచి చూసే డ్రోనుకి బాగుంటుంది. మీ నేల మీద ఇప్పటికే గడ్డి పెరగని బాటలు పడి ఉంటాయి చూడండి, ఎవరూ గీయకుండా జనం కాళ్ళతో వేసుకున్నవి. అవి అంచును ఎక్కడ తాకుతున్నాయో అక్కడ దారులు, అంతే. పొద్దున పనికి పోయే వేళ, బడి వదిలే వేళ, చీకటి పడ్డాక, ఈ మూడు వేళల్లో ఎవరు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నారో పటం మీద గీతలు గీసి ఇంజనీరు గారి ముందు పెట్టండి. పని రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి చూడాలి, గీతలు వేరుగా వస్తాయి. మీటింగులో మాటకన్నా ఆ కాగితానికే బలం ఎక్కువ.

అంచు గురించి కూడా అడగండి. గ్రిల్ బదులు కూర్చునే ఎత్తు, అంటే ఒకటిన్నర అడుగుల దిమ్మె కట్టిస్తే బళ్ళు ఆగుతాయి, చెత్త లారీ వెనక్కి వచ్చి లోపల దింపలేదు, ఆక్రమించేవాడికి హద్దు స్పష్టంగా కనిపిస్తుంది, జనానికి కూర్చునే చోటు దొరుకుతుంది. ఖాళీ స్థలంలో మనుషులు నట్టనడుమ కూర్చోరు, వెనక ఏదో ఆనుకుని వీధి వైపు చూస్తూ అంచునే కూర్చుంటారు. పైన గుండ్రంగానో వాలుగానో చెయ్యకుండా అడుగున్నర వెడల్పు చదునుగా ఉంచమనండి, కొందరు కాంట్రాక్టర్లు "ఎవరూ కూర్చోకుండా" అని పైన కమ్మీలు కూడా గుచ్చుతారు, ఆ మాట టెండరు కాగితంలోనే లేకుండా చూసుకోండి.

చిన్నూవాళ్ళమ్మ

ఆ దిమ్మె పిల్లలాడే ముక్కకి ఆనుకుని ఉండకూడదని కూడా రాయించండి. మా వాడు దాన్నెక్కి కంచె దూకేస్తాడు.